గురువారం సెలవు: ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో ట్రెయినీ కెమిస్టుల నియామకంపై కేస్ స్టడీ

విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో బల్క్ డ్రగ్స్ (మందుల్లో వాడే అసలు ఔషధ పదార్థాలు) తయారుచేసే ఒక మధ్యస్థాయి కంపెనీలో పద్నాలుగేళ్లుగా నియామకాల బాధ్యత చూస్తున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఎస్సీ, బీ ఫార్మసీ పూర్తిచేసిన వాళ్లను ఏటా కాలేజీలకు వెళ్లి ఎంపిక చేసి, ప్రొడక్షన్‌లోనూ క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) విభాగంలోనూ ట్రెయినీ కెమిస్టులుగా చేర్చుకోవడం నా పనిలో ప్రధానమైన భాగం. ఈ కేస్ స్టడీ 2024 జూలైలో చేరిన ఒక బ్యాచ్ గురించి, అందులోనూ ముఖ్యంగా నేను మొదట పక్కన పెట్టిన ఒక అమ్మాయి గురించి. మనుషులను గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. జరిగిన క్రమాన్ని మార్చలేదు.

ముందుగా మేము ఎంపిక చేసే పద్ధతి ఎలా ఉండేదో చెప్పాలి. ఉదయం రాతపరీక్ష, మధ్యాహ్నం ఒక్కొక్కరికి పది పన్నెండు నిమిషాల ఇంటర్వ్యూ. సబ్జెక్టు ప్రశ్నలు క్యూసీ నుంచి వచ్చిన అధికారి అడిగేవారు. ఆ తర్వాత నా వంతు. మీ గురించి చెప్పండి, అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు, మా కంపెనీనే ఎందుకు ఎంచుకున్నారు అని అడిగేవాడిని. ఈ ప్రశ్నలకు ఇంగ్లీషులో తడబడకుండా జవాబు చెప్పినవాళ్ల కాగితం మీద ‘ఆసక్తి ఉంది’ అనీ, ఆగి ఆగి మాట్లాడినవాళ్ల కాగితం మీద ‘కమ్యూనికేషన్ బలహీనం’ అనీ రాసేవాడిని. మేము పిలిచేది రోజుకు ఎనిమిది గంటలు తూకం యంత్రం ముందు, నమూనాలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు నిలబడి, చూసింది చూసినట్టు రాసే పనికి. ఆ పనికి ధారాళమైన మాటతో ఏం సంబంధమని చాలా ఏళ్లు నన్ను నేను అడగలేదు, ఇంకెవరూ అడగలేదు.

పని గురించి మేము చెప్పే తీరు కూడా అలాగే ఉండేది. కంపెనీ ఎగుమతులు, కొత్త బ్లాకులు, విదేశీ తనిఖీల్లో వచ్చిన మంచి పేరు తెర మీద చూపించేవాళ్లం. మూడు షిఫ్టుల మాట ఆఫర్ లెటర్ మూడో పేజీలో ఒక వాక్యంగా ఉండేది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నడిచే సీ షిఫ్టు అంటే ఏమిటో, సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) వాసన ఎలా ఉంటుందో, ఉదయం షిఫ్టుకు కూర్మన్నపాలెంలో బస్సు అందుకోవాలంటే ఎన్నింటికి లేవాలో ఎవరూ చెప్పేవారు కాదు. రెండేళ్లకు బాండు రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకునేవాళ్లం. ఇలా ఉంటే పిల్లలు నిలబడతారని మా నమ్మకం.

2024 జూలైలో 26 మంది చేరారు. పది రోజులు తిరక్కుండానే ఇద్దరు వెళ్లిపోయారు. అందులో ఒకరు రాతపరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ మొదటి స్థానంలో నిలిచిన అబ్బాయి. ఫోన్ చేసి కారణం అడిగితే, “సార్, మొదటి నైట్ షిఫ్టు అయ్యాక అర్థమైంది, ఈ ఉద్యోగం గురించి నాకేమీ తెలియకుండానే చేరాను అని” అన్నాడు. అతని మాటలో ఆరోపణ లేదు, ఉన్న విషయం చెప్పాడు. ఆ రెండు ఖాళీలకు వెయిటింగ్ లిస్టు నుంచి ఇద్దరిని పిలిచాం. ఆ ఇద్దరిలో ఒకరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన అమ్మాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. నా ఇంటర్వ్యూ కాగితంలో ఆమె పేరు పక్కన ‘కమ్యూనికేషన్ బలహీనం’ అని నా చేతిరాతే ఉంది.

ఆ బ్యాచ్ ఇంకా పనిలో కుదురుకోకముందే ఆగస్టు 21 వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఒకటి రెండు రోజులకే పరవాడలోనే మరో యూనిట్‌లో కార్మికులు గాయపడ్డారు. మా ట్రెయినీలు చేరి అప్పటికి ఆరు వారాలు. చనిపోయినవాళ్లలో చదువు పూర్తిచేసి కొద్ది కాలమే అయిన యువకులూ ఉండటంతో, మా పిల్లల హాస్టల్ గదుల్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. మరునాడు ఉదయం నుంచి తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. వారం రోజుల్లో నలుగురు రాజీనామా చేశారు. ఆ నలుగురికీ బాండు గుర్తుచేస్తూ లేఖలు పంపాలని పైనుంచి సూచన వచ్చింది. నేను పంపలేదు. బిడ్డ ప్రాణం గురించి భయపడిన తండ్రికి డబ్బు కట్టమని లేఖ రాసే సంస్థలో మిగిలిన పిల్లలు ఏ మనసుతో పనిచేస్తారని అడిగాను. సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేశాం.

మిగిలినవాళ్ల తల్లిదండ్రులను ఒక ఆదివారం యూనిట్‌కు పిలిచాం. ఇది ముందుగా ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. ఫోన్లకు జవాబు చెప్పలేక చేసిన పని. భద్రతాధికారి గంటసేపు మాట్లాడారు. సెన్సర్లు, నైట్రోజన్ బ్లాంకెటింగ్, స్టాటిక్ ఎర్తింగ్ గురించి ఆయన చెప్పినవన్నీ నిజాలే గానీ, వింటున్నవాళ్ల ముఖాల్లో మార్పేమీ కనబడలేదు. చివరి వరసలోంచి ఉద్దానం అమ్మాయి తల్లి లేచింది. ఆమె జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు ఒలిచే పనిచేస్తుంది; జీడి రసం వల్ల వేళ్లు నల్లబడి ఉన్నాయి. “బాబూ, మా పిల్ల పనిచేసే గదికి రెండు తలుపులున్నాయా?” అని అడిగింది. ఉన్నాయని వెంటనే చెప్పబోయి ఆగాను. నేను ఎప్పుడూ చూడలేదు. ఆమెనూ మరో నలుగురినీ తీసుకుని క్యూసీ ల్యాబ్‌కు వెళ్లాను. రెండో తలుపు ఉంది, కానీ దానికి అడ్డంగా గాజుసామాను అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ సాయంత్రమే తీయించాం. అంతవరకూ ఎన్ని తనిఖీలు జరిగినా ఎవరి కంటా పడని ఆ పెట్టెలు ఒక తల్లి ప్రశ్నతో కదిలాయి. ఉద్యోగంలో చేరేవాళ్లకు ఏం తెలియాలో నిర్ణయించేటప్పుడు ఆమెలాంటివాళ్లను ఇన్నేళ్లు ఒక్కసారైనా అడగలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ వారాల్లో పిల్లలతో విడివిడిగా మాట్లాడటానికి కొంత సమయం పెట్టుకున్నాం. నిద్ర పట్టనివాళ్లు, రియాక్టర్ బ్లాకు పక్కగా నడవటానికి కూడా భయపడినవాళ్లు ఉన్నారు. మానసిక ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డులో పెట్టడంతో సరిపెట్టకుండా, ఆ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చని, పేరు కంపెనీకి తెలియదని ప్రతి ఒక్కరికీ చెప్పాం. ఎవరు ఫోన్ చేశారో తెలుసుకునే ప్రయత్నం నేను చేయలేదు.

ఇక ఈ కేసులో అసలు సంఘటన నవంబరులో జరిగింది. ఆ అమ్మాయి సీ షిఫ్టులో ఒక నమూనాకు ఎల్‌ఓడీ (లాస్ ఆన్ డ్రయింగ్) పరీక్ష చేస్తోంది. నమూనాను తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరని గాజు పాత్రలో) చల్లార్చి మళ్లీ తూచి, ఎంత బరువు తగ్గిందో లెక్కకట్టే పరీక్ష అది. ఎమ్మెస్సీ చదివినవాళ్లకు కష్టమైనది కాదు. రాత్రి 11.15కు ఓవెన్‌లో పెట్టింది. 2.15కు తీయాలి. తీసింది 2.55కు. లాగ్‌బుక్‌లో మాత్రం 2.15 అని రాసింది. తూకం యంత్రం ముద్రించిన చీటీలో 3.25 అని ఉంది.

ఫార్మా పరిశ్రమ బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నలభై నిమిషాలు ఎక్కువసేపు ఉన్నందువల్ల ఆ పదార్థం ఫలితం బహుశా మారి ఉండదు. అయితే మా పనిలో ఫలితం ఎంత ముఖ్యమో, ఆ ఫలితం ఎలా వచ్చిందో చెప్పే రాత అంత ముఖ్యం. ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, జరిగినప్పుడే రాయాలి, మొదట రాసిందే ఉండాలి, నిజమై ఉండాలి. ఈ అయిదింటినీ కలిపి ‘అల్కోవా’ అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో ఖరారు చేసిన డేటా ఇంటెగ్రిటీ మార్గదర్శకాలు ఈ సూత్రాల మీదే నిలబడి ఉన్నాయి. జరగని సమయాన్ని జరిగినట్టు రాస్తే, ఆ ఒక్క పుట వల్ల మొత్తం ల్యాబ్ రాతల మీద నమ్మకం పోతుంది. మా నిబంధన ప్రకారం తప్పుడు నమోదు చేసిన ట్రెయినీని తొలగించాలి.

ఉదయం ఆరుకు షిఫ్టు మారేటప్పుడు, ఎవరూ కాగితాలు పరిశీలించకముందే, ఆ అమ్మాయి తానే షిఫ్టు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి తాను రాసిన సమయం నిజం కాదని చెప్పింది. ఆయన నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి ఆమె రాజీనామా రాసి చేతిలో పట్టుకుని కూర్చుంది. “నిద్రపోలేదు సార్. ఓవెన్ వైపే చూస్తూ కూర్చున్నాను. టైం ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. తీసేటప్పుడు భయమేసి అలా రాసేశాను” అంది.

క్వాలిటీ అస్యూరెన్స్ అధిపతి తొలగించాలనే అన్నారు. ఆయన వాదనలో బలం ఉంది: ఒకరిని క్షమిస్తే, ఇక్కడ అబద్ధం రాయవచ్చు, దొరికితే ఏడిస్తే చాలు అన్న సందేశం వెళుతుంది. క్యూసీ అధిపతి ఒప్పుకోలేదు: తానే వచ్చి చెప్పినవాళ్లను తొలగిస్తే, రేపటి నుంచి ఎవరూ వచ్చి చెప్పరు. రెండు గంటలు చర్చించాం. చివరకు ఆ నమోదును ఒకే గీతతో కొట్టివేయించి, అసలు సమయం, కారణం, సంతకం, తేదీ రాయించి, డీవియేషన్ (పద్ధతి తప్పిన సంఘటన)గా నమోదు చేసి, నమూనాను మళ్లీ పరీక్షింపజేశాం. అంతకుముందు ఆమె చేసిన పరీక్షలన్నింటినీ తూకం చీటీలతో పోల్చి చూశాం. అన్నీ సరిపోయాయి. మూడు నెలలు ఆమె స్వతంత్రంగా పరీక్షలు చేయకూడదని, మళ్లీ శిక్షణ పూర్తిచేయాలని నిర్ణయించాం. రాజీనామా నా దగ్గరే ఉంచుకుని, రెండు రోజులయ్యాక కూడా వెళ్లాలనిపిస్తే తీసుకుంటానని చెప్పాను.

ఆ రెండు రోజుల్లో తెలిసిన విషయాలే ఈ కేసుకు ప్రాణం. ఆమె తండ్రికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ జబ్బు లేని ఊరు లేదన్నట్టుగా ఉంటుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారంటేనే అక్కడి అవసరం ఎంతటిదో తెలుస్తుంది. తండ్రికి వారానికి మూడు రోజులు డయాలసిస్. రెండు రోజులు తమ్ముడు కాలేజీ మానుకుని తీసుకువెళతాడు. గురువారం తల్లి పని మానుకుని వెళ్లాలి. వెళితే ఆ రోజు కూలి పోతుంది, వరుసగా మానేస్తే పనే పోతుంది. అందుకని ఈ అమ్మాయి బుధవారం రాత్రి డ్యూటీ దిగి గురువారం ఉదయం రైలెక్కి పలాస వెళ్లి, తండ్రితో ఆసుపత్రిలో ఉండి, మళ్లీ రాత్రి షిఫ్టుకు వచ్చేస్తోంది. సంఘటన జరిగింది అలాంటి గురువారం రాత్రే. అప్పటికి ముప్పై ఆరు గంటలుగా ఆమెకు సరైన నిద్ర లేదు.

కంపెనీ సహాయనిధి నుంచి కొంత డబ్బు ఇప్పించవచ్చని నేను అన్నాను. “డబ్బు వద్దు సార్, మా నాన్నకు డయాలసిస్ ప్రభుత్వాసుపత్రిలోనే అవుతోంది. ఆదివారం బదులు గురువారం వీక్లీ ఆఫ్ ఇప్పించండి చాలు” అంది. నాలుగు నెలలుగా ఆ మాట ఎందుకు అడగలేదంటే, ట్రెయినీలు అడగకూడదేమో అనుకున్నానంది. ఇంటర్వ్యూలో మాట సరిగా రానివాళ్లు అని మేము పక్కన పెట్టేవాళ్లలో చాలామంది, తమకు కావలసింది అడిగే చోటు ఒకటుందని ఎవరూ చెప్పనివాళ్లే. ఇంట్లో కష్టం ఆఫీసు గేటు దాటి లోపలికి రాకూడదని మన ఉద్యోగ సంస్కృతిలో ఒక అలిఖిత నియమం ఉంది. కష్టం మాత్రం నిద్రలేమిగా, తప్పుడు నమోదుగా వేషం మార్చుకుని లోపలికి వస్తూనే ఉంటుంది.

ఆమె రాజీనామా వెనక్కి తీసుకుంది.

ఆ బ్యాచ్‌లో మిగతావాళ్ల సంగతి కూడా చెప్పాలి. శీతాకాలంలో ముగ్గురు మెగా డీఎస్సీకి చదువుకోవాలని వెళ్లిపోయారు. 16,347 టీచర్ పోస్టులు భర్తీ చేస్తామని ప్రభుత్వం 2024 జూన్‌లోనే ప్రకటించింది; ఏళ్ల తరబడి ఎదురుచూసిన బీఈడీ పట్టాదారులు దాన్ని వదులుకుంటారని అనుకోవడం మా అమాయకత్వం. పూర్వం ఇలా వెళ్లినవాళ్లను నిబద్ధత లేనివాళ్లుగా లెక్కకట్టేవాడిని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన బిడ్డకు ప్రభుత్వోద్యోగం ఇచ్చే భరోసా మా కంపెనీ ఇవ్వగలదని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. మరో ఇద్దరు మంచి జీతానికి వేరే యూనిట్లకు వెళ్లారు. మొత్తం చేరిన 28 మందిలో 2025 మార్చి నాటికి 17 మంది మిగిలారు.

2025 ఎంపికలకు ముందు మా పద్ధతిని పూర్తిగా తిరగరాశాం. ఇందులో నా సొంత ప్రతిభ లేదు. అందరికీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, మనసుకు తోచినట్టు సాగే ఇంటర్వ్యూ కంటే పనితీరును మెరుగ్గా అంచనా వేస్తుందని ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లోనే చూపించారు; 2022లో సాకెట్ బృందం పాత లెక్కలను సరిచేసినప్పుడు అలాంటి ఇంటర్వ్యూయే అన్ని పద్ధతుల్లోకీ ముందు నిలిచింది. ఉద్యోగంలోని మంచీ చెడూ చేరకముందే చూపించడం వల్ల వచ్చే మేలు గురించి జాన్ వానస్ 1970ల నుంచి రాస్తూ వచ్చారు. ఇవి నేను ఎంబీఏలో చదివి, పరీక్ష రాసి, మరచిపోయిన విషయాలు.

అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు అన్న ప్రశ్నను తీసేశాం. తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా మాట్లాడవచ్చని ముందే చెప్పాం. ప్రతి అభ్యర్థికీ ఒక చిన్న టైట్రేషన్ (ద్రావణం గాఢతను కొలిచే పరీక్ష) ఇచ్చాం. రావలసిన విలువ ఇంత అని సీసా మీద రాసి ఉంటుంది, ద్రావణం మాత్రం కావాలనే కొంచెం పలుచగా కలిపి ఉంటుంది. అభ్యర్థి తన కంటికి కనిపించిన రీడింగ్ రాస్తారా, సీసా మీది విలువకు దగ్గరగా సర్దుతారా అన్నది మేము చూసేది. ఇది పిల్లలను మోసం చేయడం కాదా అని క్యూసీ అధిపతి గట్టిగానే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పరీక్ష అయిపోగానే ప్రతి ఒక్కరికీ ద్రావణం సంగతి చెప్పి, ఎందుకు అలా చేశామో వివరించాలని, సర్దినవాళ్లను ఆ ఒక్క కారణంతో తిరస్కరించకుండా, ఎందుకు సర్దారో అడిగి వినాలని ఒప్పందానికి వచ్చాం. చాలామంది కాలేజీ ప్రాక్టికల్స్‌లో రావలసిన విలువ వస్తేనే మార్కులు వేశారని చెప్పారు. అంటే అబద్ధం రాయడం మనమే నేర్పించి, ఉద్యోగంలో చేరాక దాన్నే నేరంగా పరిగణిస్తున్నాం.

ఎంపికైనవాళ్లను ఆఫర్ ఇచ్చే ముందు తల్లిదండ్రుల్లో ఒకరితో సహా యూనిట్‌కు రప్పించి, సీ షిఫ్టు మొదలయ్యే వేళ రాత్రి పదింటికి ల్యాబ్‌లోకి తీసుకువెళ్లాం. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లు దాచనక్కరలేదని, పరీక్ష రోజులకు సెలవు ఇస్తామని చెప్పాం. ఈ రంగంలో ఎదిగే దారి ఎలా ఉంటుందో కూడా వివరించాం. ఔషధ నియమాల్లోని 71వ నియమం ప్రకారం, తయారీని పర్యవేక్షించే అధీకృత కెమిస్టు కావడానికి కెమిస్ట్రీ ప్రధానంగా చదివిన సైన్స్ గ్రాడ్యుయేటుకు మూడేళ్ల ఆచరణానుభవం, ఫార్మసీ గ్రాడ్యుయేటుకు పద్దెనిమిది నెలల అనుభవం కావాలి. పరీక్షల విభాగాధిపతికీ లైసెన్సింగ్ అధికారి ఆమోదం ఉండాలి. నువ్వు సంతకం పెడితేనే ఈ మందు బయటికి వెళుతుంది అనే స్థితికి ఎన్నేళ్లలో చేరవచ్చో లెక్కగట్టి చెప్పినప్పుడు ఆ పిల్లల కళ్లలో వచ్చిన వెలుగు, జీతం అంకె చెప్పినప్పుడు రాలేదు. స్వేచ్ఛ, నైపుణ్యం, తనవాళ్లనిపించే మనుషులు, ఈ మూడింటి నుంచే లోపలి ప్రేరణ పుడుతుందని మనస్తత్వవేత్తలు డెసి, రయాన్ చెప్పినదానికి నాకు దొరికిన రుజువు అదే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకోవడం మానేశాం. బాండు విషయంలో మాత్రం యాజమాన్యం నా మాట వినలేదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో 2 లక్షల రూపాయల బాండును సమర్థించడంతో వాళ్ల వాదన మరింత బలపడింది. చట్టపరంగా చెల్లుతుందని నేనూ ఒప్పుకుంటాను. బాండు కోసం ఉండిపోయిన మనిషి రాసిన లాగ్‌బుక్‌ను ఎంతవరకు నమ్మవచ్చన్న నా ప్రశ్న అలాగే ఉంది.

రాత్రి సందర్శన తర్వాత ఎంపికైనవాళ్లలో దాదాపు సగం మంది ఆఫర్ వద్దన్నారు. రెండోసారి కాలేజీలకు వెళ్లవలసి వచ్చింది, ఖర్చు పెరిగింది, ఖాళీలు రెండు నెలలు అలాగే ఉన్నాయి. దీనికి నేను జవాబు చెప్పుకోవలసి వచ్చింది. వద్దన్నవాళ్లు పదో రోజున వెళ్లిపోయేవాళ్లేనని వాదించాను. అది నా నమ్మకమే గానీ, నిరూపించగలిగింది కాదు. ఒకే బ్యాచ్‌ను చూసి పద్ధతి గెలిచిందని చెప్పడం తొందరపాటు అవుతుంది. పగలు నిద్రపోవడానికి వీలుండే వసతి మా ట్రెయినీలకు ఇప్పటికీ లేదు. గాజువాకలో నలుగురుండే గదిలో, కింద వెల్డింగ్ షాపు మోతలో, రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు నిద్రపోవాలి. ఇది తీరనంతవరకు నవంబరు సంఘటన లాంటిది మళ్లీ జరిగితే నేను ఆశ్చర్యపోను.

2025 ఎంపికల్లో టైట్రేషన్ బల్ల దగ్గర ఉద్దానం అమ్మాయిని కూర్చోబెట్టాం. ఒక అబ్బాయి తప్పు రీడింగ్ రాసి, అంకె మీద అంకె దిద్దబోతుంటే ఆమె ఆపి, “దిద్దకు తమ్ముడూ. ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టు. తప్పు కనబడితే ఏమీ కాదు” అంది. ఆమెకు గురువారం వీక్లీ ఆఫ్ ఇప్పటికీ కొనసాగుతోంది. మా రోస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కరికి విడిగా సెలవు మార్చే వీలు లేదు కాబట్టి, ప్రతి నెలా షిఫ్టు ఇన్‌చార్జి ప్రింటు తీసిన కాగితం మీద ఆమె పేరుకు ఎదురుగా ఆదివారాలను ఒక్కో గీతతో కొట్టివేసి, గురువారాలు రాసి, పక్కన సంతకం, తేదీ వేస్తారు.